సొరియాసిస్ కీళ్లలోకి దిగితే ఏ మందు, ఎంత ఖర్చు?

భీమవరంలో మా మందుల షాపుకు వచ్చే చీటీల్లో మెథోట్రెక్సేట్ అన్న పేరు కనబడితే, బిళ్ళలు కవర్లో వేసి ఇచ్చెయ్యడం నాకు అలవాటు లేదు. ‘ఏ రోజు వేసుకుంటున్నారండీ?’ అని అడిగి, స్ట్రిప్ వెనకాల పెన్నుతో ‘ఆదివారం మాత్రమే’ అనో ‘బుధవారం మాత్రమే’ అనో పెద్దక్షరాలతో రాసిస్తాను. చదువు రానివాళ్లయితే నేను చెప్పింది నాకే తిరిగి చెప్పించుకుంటాను. బీపీ బిళ్ళలాగా దీన్ని రోజూ మింగితే నోరంతా పూసిపోతుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. వారానికి ఒక్కరోజు, డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకుంటే మాత్రం వాచి బిగుసుకుపోయిన వేళ్లను మళ్లీ పనిలో పెట్టగల మందు ఇది. సొరియాసిస్ కీళ్లకు పాకినవాళ్లలో ఎక్కువమంది చికిత్స మొదలయ్యేది దీనితోనే.

ఆ జబ్బు పేరు సొరియాటిక్ ఆర్థ్రైటిస్. సొరియాసిస్ అంటే చాలామందికి తెలుసు. మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో ఎర్రటి మచ్చలు లేచి వెండి రంగు పొట్టు రాలుతుంది. అంటుకునే జబ్బు కాదు. మన రక్షణ వ్యవస్థ శత్రువును వదిలేసి మన చర్మం మీదే పడడం వల్ల వచ్చేది. అదే వ్యవస్థ కీళ్ల మీద, కండరాలు ఎముకకు అతుక్కునే చోట్ల మీద కూడా పడితే అది సొరియాటిక్ ఆర్థ్రైటిస్. సొరియాసిస్ ఉన్నవాళ్లలో 30 శాతం దాకా దీని బారిన పడవచ్చని వైద్య గ్రంథాలు చెబుతాయి. మామూలుగా ముందు చర్మం, తర్వాత కొన్నేళ్లకు కీళ్లు. కొద్దిమందిలో కీళ్లే ముందు వస్తాయి. చిక్కంతా వాళ్లతోనే.

మా ఆడపడుచుకు అలాగే వచ్చింది. జాకెట్లు కుడుతుంది. కత్తెర పట్టే కుడిచేతి ఉంగరం వేలు ఒక వేసవిలో వాచింది. ఒక కణుపు దగ్గర కాదు, మొదలు నుంచి గోరు దాకా వేలంతా ఒకే లావున ఉబ్బింది. ఉంగరం రాక కంసాలి దగ్గర కోయించాల్సి వచ్చింది. పొద్దున్నే లేచాక గంటసేపు పిడికిలి మూసుకునేది కాదు. పని చేసేకొద్దీ కాస్త సర్దుకునేది. ఆ తర్వాత మడమ. పక్క మీంచి కాలు కింద పెడితే చురుక్కుమనేది. ‘చికున్‌గున్యా వచ్చి పోయింది కదా వదినా, ఆ నొప్పులే అయ్యుంటాయి’ అనేది. 2006లో ఆంధ్రప్రదేశ్‌ను చికున్‌గున్యా కుదిపేసినప్పటి నుంచి మా వైపు ఏ కీలు వాచినా ఆ జ్వరం ఖాతాలోనే రాస్తారు.

రక్తపరీక్ష చేయిస్తే ఆర్ఏ ఫ్యాక్టర్ నెగెటివ్. ‘వాతం లేదు’ అన్నారు. ఇక్కడ ఒక్క సంగతి పాఠకులు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఆర్ఏ ఫ్యాక్టర్ రుమటాయిడ్ కీళ్లవాతానికి చేసే పరీక్ష. సొరియాటిక్ ఆర్థ్రైటిస్‌లో అది సాధారణంగా నెగెటివే వస్తుంది. వాపును చూపించే ఈఎస్ఆర్, సీఆర్‌పీ కూడా కొందరిలో మామూలుగానే ఉంటాయి. ఈ జబ్బును పట్టిచ్చే రక్తపరీక్ష అంటూ ఒకటి లేదు. డాక్టరు చేత్తో పట్టి, కళ్లతో చూసి తేల్చాలి. చర్మం, గోళ్లు, వేళ్లు, మడమలు, నడుము, ఇంట్లో ఎవరికైనా సొరియాసిస్ ఉందా అన్న ప్రశ్న, ఇవన్నీ కలిపి చూడాలి. మా ఆడపడుచుకు యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువ రావడంతో కొన్నాళ్లు పప్పు మానిపించారు. సొరియాసిస్ ఉన్నవాళ్లకు యూరిక్ యాసిడ్ పెరగడం మామూలే. అంతమాత్రాన అది గౌట్ అయిపోదు.

ఈ మధ్యలో ఒక ఆర్‌ఎంపీ దగ్గర సూదులు పడ్డాయి. సూది వేసిన రోజు నొప్పి మాయం, నాలుగో రోజుకు మళ్లీ మొదలు. అందులో ఉన్నది స్టెరాయిడ్. సొరియాసిస్ ఉన్నవాళ్లకు స్టెరాయిడ్ బిళ్ళలు, సూదులు ఇష్టం వచ్చినట్టు ఇచ్చి ఒక్కసారిగా ఆపేస్తే చర్మం ఎదురు తిరుగుతుంది. కొందరికి ఒళ్లంతా ఎర్రబడి చీముపొక్కులు లేచే ప్రమాదం కూడా ఉంది. మా ఆడపడుచుకు తలలో ఎప్పటినుంచో ఉన్న ‘చుండ్రు’ ఆ సూదులు ఆపాక చెవుల వెనక్కి, నుదుటి మీదికి దిగింది. అది చుండ్రు కాదని, సొరియాసిస్ అని అప్పుడు బయటపడింది. విజయవాడలో రుమటాలజిస్టు ఆమె గోళ్లను వెలుతురులో పెట్టి చూపించారు. కుట్టుమిషను సూది పడ్డట్టు గోటి నిండా సన్నటి గుంటలు. రోజూ రంగు వేసి దాచుకుంటున్న ఆ గోళ్లే జబ్బు పేరు చెప్పాయి.

ఈ తిరుగుళ్లలోనే ఏడాదికి పైగా గడిచిపోయింది. ఎక్స్‌రేలు, కాల్షియం బిళ్ళలు, తైలాలు, నొప్పి సూదులు, ఆటో చార్జీలు, కుట్టని జాకెట్లు. ఆ డబ్బు ఎవరూ లెక్కలో రాయరు. ఐర్లాండ్‌లో ఈ రోగుల మీద జరిగిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. రుమటాలజిస్టును చూడడంలో ఆరు నెలలు జాప్యం జరిగినవాళ్లలో కూడా కీళ్ల అరుగుదల, పనిచేయలేని స్థితి ఎక్కువగా ఉన్నాయని అది తేల్చింది. అరిగిన ఎముకను ఏ మందూ తిరిగి పొయ్యదు. నా దృష్టిలో ఈ జబ్బు ఖర్చు గురించి ఎవరు మాట్లాడినా లెక్క ఈ ఆలస్యం దగ్గరే మొదలుపెట్టాలి.

ఇక మందులు. తేలికపాటి జబ్బుకు నొప్పి, వాపు తగ్గించే నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్ వంటివి కొన్నాళ్లు ఇస్తారు. ఇవి బాధ తగ్గిస్తాయి గానీ కీలు అరగకుండా ఆపలేవు. ఏళ్ల తరబడి సొంతంగా కొనుక్కుని మింగేవాళ్లు మా కౌంటరుకు బోలెడంతమంది వస్తారు. కడుపులో పుండు, కిడ్నీ దెబ్బ, బీపీ పెరగడం ఆ దారిలోనే ఎదురవుతాయి.

జబ్బును లోపలి నుంచి పట్టి ఉంచేవాటిలో మొదటిది మెథోట్రెక్సేట్. ఈ మందుకు మా ఊరితో చుట్టరికం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1940లలో ఆయన బృందం ముందు ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది, తర్వాత దాని పనిని అడ్డుకునే మెథోట్రెక్సేట్ వంటి మందులను తయారుచేసింది. సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్ మీద ప్రయోగించింది వాటినే. 1951లో గబ్నర్ అనే వైద్యుడు ఆ మందుల్లో ఒకటి కీళ్లవాతం రోగులకు ఇచ్చి చూస్తుంటే సొరియాసిస్ మచ్చలు కూడా తగ్గడం గమనించారు. సుబ్బారావు అప్పటికే లేరు, 1948లో కన్నుమూశారు. ఇవాళ నేను ఒకే కవర్లో మెథోట్రెక్సేట్, దాని దుష్ఫలితాలు తగ్గించే ఫోలిక్ యాసిడ్ పెట్టి ఇస్తుంటే ఆ రెండింటి వెనకా ఆయన చెయ్యి ఉందని తలుచుకోని రోజు లేదు.

ధర సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. వారం డోసు పదీ ఇరవై రూపాయల లెక్కలో పడుతుంది. ఫోలిక్ యాసిడ్‌తో కలిపినా నెలకు వంద, రెండు వందలు. జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది కాబట్టి దీని ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఉంటుంది. అసలు ఖర్చు పరీక్షలది. మొదట్లో రెండు మూడు వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్తకణాలు, లివరు, క్రియాటినిన్ చూపించుకోవాలి. ఆ పరీక్షకు కొన్ని వందలవుతాయని ఎగ్గొట్టేవాళ్లకు నేను ఒకటే చెబుతాను. మందు మానెయ్యమంటే మానెయ్యండి, పరీక్ష మానేసి మందు మాత్రం వేసుకోకండి. మద్యం తాగేవాళ్లకు, లివరులో కొవ్వు ఉన్నవాళ్లకు ఇది ఇబ్బంది. గర్భం దాల్చాలనుకునే స్త్రీలు మూడు నెలల ముందే ఆపాలి. పెళ్లీడు పిల్లలు ఈ విషయం డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడతారు, తల్లులైనా చెప్పాలి. గుణం కనబడడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మూడు వారాలకే ‘ఏం పనిచెయ్యలేదండీ’ అని మానేసేవాళ్లే ఎక్కువ.

మెథోట్రెక్సేట్ పడనివాళ్లకు సల్ఫాసలజిన్, లెఫ్లునమైడ్ ఉన్నాయి. ఇవి కూడా నెలకు వెయ్యి అటూ ఇటూగా సరిపోతాయి. అప్రెమిలాస్ట్ కాస్త ఖరీదు, నెలకు రెండు మూడు వేలు. దీనికి రక్తపరీక్షల గొడవ తక్కువ. కడుపులో వికారం, విరేచనాలు మొదట్లో ఇబ్బంది పెడతాయి. అందుకే చిన్న డోసుతో మొదలుపెట్టి ఐదారు రోజుల్లో పెంచుతారు.

తర్వాతది టోఫాసిటినిబ్. నా కౌంటరు మీద ధర బాగా దిగిన మందు ఇది. 2020 చివర్లో మన దేశంలో పేటెంటు ముగిశాక ఎన్నో కంపెనీలు తయారుచేశాయి. ఇప్పుడు బ్రాండును బట్టి నెలకు వెయ్యి నుంచి రెండు మూడు వేలు. త్వరగా పనిచేస్తుంది, బిళ్ళ రూపంలో ఉంటుంది, సూదుల కన్నా ఎంతో చవక. అందువల్లే చీటీ లేకుండా కొనాలని చూసేవాళ్లు తయారయ్యారు. నేను ఇవ్వను. 50 ఏళ్లు దాటి గుండెజబ్బు ముప్పు ఉన్నవాళ్లలో, ముఖ్యంగా పొగతాగేవాళ్లలో, గుండెపోటు, రక్తం గడ్డకట్టడం, క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ సంస్థ 2021లో గట్టి హెచ్చరిక ఇచ్చింది. దద్దుర్లు మంటగా లేచే సర్పి కూడా దీనితో ఎక్కువ వస్తుంది. మంచి మందే, డాక్టరు కనుసన్నల్లో.

వీటికి లొంగకపోతే బయోలాజిక్ సూదులు. వాపును రేపే ఒక్కో సంకేతాన్ని ఎంచి పట్టుకునేవి ఇవి. టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునేవి ఎటానర్సెప్ట్, అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్. ఐఎల్-17ను అడ్డుకునేది సెకుకినుమాబ్. ఐఎల్-23ని అడ్డుకునేది గుసెల్కుమాబ్. చర్మం బాగా దెబ్బతిన్నవాళ్లకు చివరి రెండు రకాలు ఎక్కువ మేలు చేస్తాయి. కళ్లు ఎర్రబడి నొప్పిపెట్టే యువైటిస్ కూడా ఉన్నవాళ్లకు అడాలిముమాబ్ వైపు మొగ్గుతారు. ఏది ఎవరికి అన్నది ఇలా తేలుతుంది, ధర ఎక్కువైనది మంచిదని కాదు.

మా ఆడపడుచుకు మెథోట్రెక్సేట్‌తో చేతులు చాలావరకు సర్దుకున్నాయి. మడమ, ఆ ఉంగరం వేలు మాత్రం మొండికేశాయి. డాక్టరు అడాలిముమాబ్ రాశారు. రెండు వారాలకోసారి 40 మిల్లీగ్రాముల సూది. ఈ మందుకు ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్, అంటే అసలు మందుకు సరితూగే వేరే కంపెనీ రూపం, 2014 డిసెంబరులో మన దేశంలోనే వచ్చింది. దాన్ని తెచ్చింది జైడస్ కంపెనీ. 2018లో హైదరాబాదు కంపెనీ హెటిరో కూడా ఒకటి విడుదల చేసింది. అమెరికాలో ఇలాంటి బయోసిమిలర్ దుకాణాల్లోకి వచ్చింది 2023లో. ఆ ఏడాది అక్కడ అసలు మందు హుమిరా జాబితా ధర నెలకు 6,900 డాలర్లు దాటింది.  ఇక్కడ చవక అంటున్నామని సంబరపడడానికి లేదు. రెండు వారాలకు పదివేలనుకున్నా నెలకు ఇరవై వేలు, జాకెట్లు కుట్టే మనిషి ఎక్కణ్నుంచి తెస్తుంది?

అందువల్ల చీటీ చేతికి రాగానే అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి, సిగ్గుపడకుండా అడగండి. ఈ మందుకు ఇంకా ఎన్ని కంపెనీల బయోసిమిలర్లు ఉన్నాయి? కంపెనీవాళ్ల రోగుల సహాయ పథకం ఉందా? చాలా కంపెనీలు కొన్ని డోసులు కొంటే కొన్ని ఉచితంగా ఇస్తాయి, అయితే డాక్టరు ద్వారా పేరు నమోదైతేనే. డబ్బామీద ముద్రించిన ధరకూ మీరు చెల్లించాల్సిన ధరకూ మధ్య వేలల్లో తేడా ఉండొచ్చు. జబ్బు అదుపులోకి వచ్చాక డోసుల మధ్య ఎడం పెంచవచ్చా? మా ఆడపడుచుకు ఆరునెలల తర్వాత డాక్టరు రెండు వారాలను మూడు వారాలు చేశారు, తర్వాత నెల చేశారు. ఖర్చు సగమైంది. ఇది డాక్టరు పరీక్షించి చేసే పని, డబ్బుల్లేక మనంతట మనం సూది దాటవేయడం వేరు. సెకుకినుమాబ్ రాస్తే మొదటి నెల ఖర్చు ముందే తెలుసుకోండి. మొదట వారం వారం ఐదు డోసులు పడతాయి, తర్వాత నెలకొకటి.

సూది మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పదు. మన దేశంలో క్షయ సూక్ష్మజీవి ఒంట్లో నిద్రపోతూ ఉన్నవాళ్లు కోట్లలో ఉన్నారు. టీఎన్ఎఫ్‌ను అడ్డుకుంటే అది లేస్తుంది. ఛాతీ ఎక్స్‌రే, మాంటూ లేదా టీబీ గోల్డ్, వాటితోపాటు హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ పరీక్షలు చేస్తారు. టీబీ గోల్డ్‌కు రెండు మూడు వేలవుతుంది. మా ఆడపడుచుకు అది పాజిటివ్ వచ్చింది. దగ్గు లేదు, జ్వరం లేదు, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. ముందు ఐసోనియాజిడ్ మొదలుపెట్టి, నెల తర్వాత అడాలిముమాబ్ వేశారు. ‘నాకు టీబీ అంటగట్టారు’ అని ఆ నెలంతా ఏడ్చింది. నిద్రపోతున్న క్షయ అంటుకోదు. దాన్ని ముందే పట్టుకోవడం ఆమె అదృష్టం.

సూది ఇంటికి తీసుకెళ్లేటప్పుడు ఐస్ ప్యాకు పెట్టిన డబ్బా అడగండి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ మధ్య అరలో పెట్టాలి, గడ్డకట్టే అరలో పెడితే పదివేలు బూడిదలో పోసినట్టే. వేసుకునే ముందు అరగంట బయట ఉంచితే మంట తగ్గుతుంది.

ఇన్సూరెన్స్ గురించి ఎక్కువ ఆశలు పెట్టను. ఇంట్లో పొడుచుకునే సూదికి చాలా పాలసీలు డబ్బివ్వవు. అయితే బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మోనోక్లోనల్ యాంటీబాడీ సూదులతో చేసే చికిత్సను కంపెనీలు పూర్తిగా మినహాయించడానికి వీల్లేదు, పరిమితి మాత్రం పెట్టవచ్చు. ఆసుపత్రిలో డే-కేర్‌గా ఎక్కించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటివాటికి దారి కాస్త సులువు. ముందే ఉన్న జబ్బు అని ఆపే గడువు 2024 నుంచి గరిష్ఠంగా మూడేళ్లే. సొరియాసిస్ మాత్రమే ఉన్నవాళ్లు, కీళ్లు ఇంకా పట్టనివాళ్లు, చర్మజబ్బు దాచకుండా రాసి ఇప్పుడే పాలసీ తీసుకోవడం మంచిది. దాచితే తర్వాత క్లెయిము కొట్టేస్తారు. ఆరోగ్యశ్రీ, ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉన్నవాళ్లు తమ చికిత్స ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగాలి. హైదరాబాదులో నిమ్స్‌లో రుమటాలజీకి ప్రత్యేక విభాగం ఉంది. ఒక్కసారైనా అలాంటి చోట జబ్బు పేరు తేల్చుకుని వస్తే, మెథోట్రెక్సేట్, పరీక్షలు మన ఊళ్లోనే కొనసాగించుకోవచ్చు.

డబ్బు ఖర్చు లేనిది ఒకటుంది. బరువు ఎక్కువున్నవాళ్లు తగ్గితే మందులు మెరుగ్గా పనిచేస్తాయని పరిశోధనలు చూపించాయి. పొగ, మద్యం మానడం కూడా అంతే. ఈ జబ్బులో గుండెజబ్బు ముప్పు ఎక్కువ, కాబట్టి బీపీ, షుగరు, కొలెస్టరాల్ చూపించుకుంటూ ఉండాలి.

మా ఆడపడుచు ఇప్పుడు కత్తెర పడుతోంది. ఉంగరం వేలు చివరి కణుపు మాత్రం వంకరగానే ఉండిపోయింది, అది ఇక తిన్నగా రాదు. అందరినీ నేను కోరేది ఇదే. సొరియాసిస్‌కు మందు వాడుతున్నవాళ్లు పొద్దున్నే అరగంటకు మించి కీళ్లు పట్టేస్తున్నాయా, వేలు మొత్తంగా వాచిందా, మడమ పోటు పెడుతోందా అని చూసుకుని, చర్మం డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. కీళ్లనొప్పులకు తిరుగుతున్నవాళ్లు తలలో పొట్టు, గోళ్ల గుంటలు, ఇంట్లో ఎవరికైనా ఉన్న సొరియాసిస్ సంగతి ఎముకల డాక్టరుకు చెప్పండి. గోళ్లరంగు తుడుచుకుని వెళ్లండి. ఆరు నెలలు దాటనివ్వకండి.